వడ్రంగపు పోటీలు - మన విద్యార్థుల సన్నాహము

2024 సెప్టెంబరు నెలలో ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరమున ప్రపంచ వృత్తివిద్యల పోటీలు జరిగినవి. సుమారు 70 దేశములనుండి వచ్చిన దాదాపు 1,400 మంది యువజనులు 59 విద్యలయందు తలపడిరి. మన దేశము 52 విద్యలకుగాను 60 మందిని పంపినది. నాలుగు కాంస్యపతకములును, పండ్రెండు ప్రావీణ్యపు బిరుదులును మనకు దక్కినవి. పాశ్చాత్య మధురపదార్థముల తయారి, కర్మాగారములందలి నవీన స్వయంచాలన విద్య, హోటళ్లలో అతిథిస్వాగతము, పునరుత్పాదకశక్తి - ఇవి ఆ కాంస్యములు లభించిన విద్యలు. అంతకుముందు 2019లో రష్యా దేశపు కజాన్ నగరమున జలసాంకేతిక విద్యయందు స్వర్ణమే లభించినది. ఈ బాలబాలికలను అభినందింపని భారతీయుడుండడు. అయినను లియాన్‌లో లభించిన ఆ నాలుగు పతకములలో కొయ్యపనికి చెందినది ఒక్కటియు లేదు. రథములను, వీణలను, మండువా లోగిళ్ల స్తంభములను, కొండపల్లి బొమ్మలను చేసిన దేశమునకిది కొంత ఆలోచింపదగిన విషయము.

పతకము రాలేదని వగచుటకు మేమీ వ్యాసము వ్రాయుటలేదు. పతకము ఫలము, మాకు కావలసినది చెట్టు. వడ్రంగ విద్యార్థిని పోటీకి సిద్ధపరచుట యనగా ఒక నమూనాను పదిమారులు చేయించి వల్లెవేయించుట యని మన విద్యాశాలలలో పలువురు భావించుచున్నారు. అది పొరబాటని మా యభిప్రాయము. గీయుట, గీటువెంబడి కోయుట, తన తప్పు తానే కనిపెట్టుట యను మూడు శక్తులను శాలయందలి ప్రతి విద్యార్థికి కలిగించుటయే నిజమైన సన్నాహము. అది జరుగనిచోట ఎవడో ఒకడు పతకము తెచ్చినను వృత్తి బ్రతుకదు. అది జరిగినచోట పతకము రాకున్నను వృత్తి నిలుచును. ఈ మాట ఎట్లు నిజమగునో కొంత వివరింతుము.

ముందుగా ఈ పోటీల స్వరూపమును తెలుపుట యుక్తము. 1950లో స్పెయిన్, పోర్చుగల్ దేశముల యువకులు మాత్రమే మాడ్రిడ్ నగరమున తలపడుటతో ఇవి ప్రారంభమైనవి. యుద్ధానంతరకాలమున నిపుణులైన పనివాండ్రకు కొరతయేర్పడగా, చేతిపని గౌరవప్రదమైన బ్రతుకుతెరువని యువకులకును, వారి తల్లిదండ్రులకును, పని యిచ్చువారికిని ఒప్పించుట నాటి ఉద్దేశము. నేడు వరల్డ్‌స్కిల్స్ అను సంస్థ రెండేండ్లకొకమారు ఈ పోటీలను నడుపుచున్నది. లియాన్ తరువాతి పోటీకి చీనా దేశపు షాంఘై నగరము, 2026 సెప్టెంబరు నిర్ణయింపబడినవి. పెక్కు విద్యలలో పోటీదారుని వయస్సు 22 ఏండ్లు మించరాదు. మన దేశమున ఇండియాస్కిల్స్ పేర రాష్ట్రములందును, పిమ్మట జాతీయస్థాయియందును వడపోత జరుగును. లియాన్ పోటీకి ముందు 2024 మే నెలలో ఢిల్లీలోని యశోభూమియందు జరిగిన జాతీయపు పోటీలో 61 విద్యలలో 900 మందికి పైగా పాల్గొనిరి.

కొయ్యపని అచట మూడు విద్యలుగా విభజింపబడినది. ఇంటికప్పు, చట్రము మున్నగు కట్టడపు పని యొకటి. తలుపులు, కిటికీలు, మెట్లు చేయుట రెండవది. బీరువాలు, బల్లలు మున్నగు సామగ్రి చేయుట మూడవది. మన వాడుకలో ఈ మూటికిని వడ్రంగమనియే పేరు. కట్టడపు వడ్రంగమున పోటీ నాలుగు దినములు నడుచును. పోటీదారుడు ముందు పలకమీద పూర్ణప్రమాణమున రేఖాచిత్రము గీయవలయును. ఆ గీతలనుండి కొలతలను, కోణములను కలపమీదికి దింపవలయును. పిదప కోసి, కుసులు బెజ్జములు దీర్చి, అన్నిటిని కూర్చి నిలువబెట్టవలయును. పని నడుచుచుండగా గురువు సలహా చెప్పరాదు. పని ముగిసినపిదప పరీక్షకులు గీతలను, కొలతలను, అతుకుల సందులను మిల్లీమీటరు లెక్కన పరిశీలించి గుణములిత్తురు.

ఈ పోటీల నిబంధనలలో మన శిక్షకులు గుర్తింపవలసినది యొకటి కలదు. ఏ విద్యలో నమూనాపటము ముందుగా వెల్లడింపబడునో, ఆ విద్యలో పోటీ మొదలగుటకు ముందు నూటికి 30 పాళ్లు పనిని మార్చుట ఆచారము. అనగా ఇంటికడ ఆరుమాసములు ఒకే పటమును సాధన చేసినవానికి, పోటీనాటి ఉదయమున మూడవవంతు క్రొత్తపని యెదురగును. వల్లెవేసినవాడు అచట నిలిచిపోవును. వల్లెవేతకు పట్టము గట్టు మన పరీక్షలకును, వల్లెవేతను ఓడింప నేర్పాటైన ఈ పరీక్షకును గల భేదమిదియే.

పాఠకులకు విశదమగుటకై ఒక లెక్క చెప్పుదుము. నాలుగు వాలుల కప్పు గల చిన్న చతురస్రపు మంటపమును తలంపుడు. మధ్యనుండి ప్రక్క అంచువరకు అడ్డకొలత 1,000 మిల్లీమీటర్లు, శిఖరపు ఎత్తు 1,000 మిల్లీమీటర్లు అనుకొందము. అపుడు అంచు నడిమినుండి శిఖరమునకు పోవు వాసము పొడవు 1,414 మిల్లీమీటర్లు. మూలనుండి శిఖరమునకు పోవు మూలవాసము పొడవు 1,732 మిల్లీమీటర్లు. మొదటిది 45 అంశముల వాలున నిలువగా, మూలవాసము 35 అంశములకు కొంచెము మించిన వాలున మాత్రమే నిలుచును. అంతియేకాదు, రెండు వాలుల కప్పులును దానిమీద చక్కగా కూర్చుండవలెనన్న, మూలవాసపు పైభాగమును ఇరుప్రక్కలకు వేరొక కోణమున చెక్కవలయును. ఇపుడు పరీక్షకుడు వచ్చి శిఖరపు ఎత్తును 800 మిల్లీమీటర్లకు తగ్గించెననుకొనుడు. మొదటి వాసము 1,281, మూలవాసము 1,625 మిల్లీమీటర్లగును. కోణములన్నియు మారును. మధ్య వచ్చు పొట్టివాసముల కొలతలన్నియు మారును. పాత కొలతలను కంఠస్థము చేసినవానికి ఇది ప్రళయము. గీయనేర్చినవానికి అరగడియ పని.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. దీర్ఘచతురస్రపు కర్ణమును గూర్చిన నియమమును యజ్ఞవేదికలను త్రాటితో కొలుచుటకై బౌధాయన శుల్బసూత్రము ఏనాడో చెప్పినది. మన పల్లెల మేస్త్రీలు పుస్తకము చూడకయే చట్రమునకు రెండు కర్ణములు కొలిచి, అవి సమానమైననే మూలలు సరియైనవని నిర్ణయింతురు. కాని ఆ మేస్త్రి జ్ఞానము వ్రేళ్లయందున్నది, కాగితముమీదికి రాలేదు. విద్యాశాలలోని బాలుని జ్ఞానము కాగితముమీద నున్నది, వ్రేళ్లలోనికి దిగలేదు. పోటీ కోరునది యీ రెంటి కలయికను. మన దేశమున ఆ రెండును ఒక్కచోట కూర్చుండుట మిక్కిలి అరుదు.

పోటీకి వేదికయైన ఫ్రాన్సు దేశమునందే దీనికి ప్రతిగా చూపదగిన దృష్టాంతమున్నది. కప్పుల చట్రములను రేఖలతో గీసి నిర్మించు ఆ దేశపు వడ్రంగ రేఖావిద్యను 2009లో యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చినది. ఊరూరు తిరిగి గురువులకడ పని నేర్చుకొను వారి శిష్యసంప్రదాయమును 2010లో అదే పట్టికలో చేర్చినది. 2019 ఏప్రిల్ 15వ తేదీన ప్యారిస్ నగరమున నోత్ర్ దామ్ దేవాలయపు కొయ్యకప్పు కాలిపోయినది. దానిని మరల కట్టుటకు సుమారు 2,000 ఓక్ వృక్షములు కావలసివచ్చినవి. వడ్రంగులు పూర్వపద్ధతిని గొడ్డళ్లతో దూలములను చెక్కి, గీతలు గీసి, కప్పు నెత్తిరి. 2024 డిసెంబరులో దేవాలయము తలుపులు తెరువబడినవి. కలప కొనవచ్చును, ధనము ప్రోగుచేయవచ్చును. ఆ గొడ్డలిని, ఆ గీతను ఎరిగిన చేతులు అప్పటికప్పుడు దొరకవు. అవి అచట ఉండుటకు కారణము ఆ జాతి ఆ విద్యను చావనీయక పోషించుకొనుటయే.

మనకును ఇట్టి పరీక్ష వచ్చినది. 2020 సెప్టెంబరులో అంతర్వేది శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథము దగ్ధమైనది. నిప్పెట్లు పుట్టెనను వివాదముతో మాకిచట పనిలేదు. 2021 ఫిబ్రవరిలో రథసప్తమినాటికి క్రొత్త రథము సిద్ధమైనది. అరువది రోజులు కాదు, అరువది ఏండ్లు కాదు, అయిదారు మాసములలో అంత రథమును నిలువబెట్టగల చేతులు మనలో నింకను కలవని ఆ కార్యము ఋజువు చేసినది. కాని మరి ముప్పది యేండ్లకు ఇట్టి యవసరము వచ్చినచో ఆ చేతులు ఎవరివి? నేడు పదునారేండ్ల ప్రాయమున నున్నవారివి కావలయును. ఆ పదునారేండ్లవారికి మనము నేర్పుచున్నదేమి? ప్రశ్న యిదియే.

మన ప్రభుత్వపు వృత్తిశిక్షణ పథకము 1950లో ఆరంభమైనది. దాని క్రింద నడచు ఐ.టి.ఐ.లలో వడ్రంగపు చదువు ఒక సంవత్సరము. జర్మనీ దేశమున కట్టడపు వడ్రంగమునకు శిష్యకాలము మూడు సంవత్సరములు. అందు విద్యార్థి కొంతకాలము పాఠశాలలో, కొంతకాలము పనిచోట గడపును. ఒక సంవత్సరమున ఉలి పదును పెట్టుట మొదలుకొని మూలవాసము గీయుటవరకు నేర్పుట ఎంతటి గురువునకైన దుస్సాధ్యము. పదునారవయేట చేరిన బాలుడు పదునేడవయేట పట్టా పుచ్చుకొనును. పోటీకి వయఃపరిమితి 22. నడుమ అయిదు సంవత్సరములున్నవి. ఆ అయిదేండ్లే విద్య పండవలసిన కాలము. ఆ కాలమందే మన బాలుడు ఏ పట్టణముననో ప్లైవుడ్ పలకలు కోసి అంటించు కూలిపనిలో చేరి, నేర్చినదానిని సయితము మరచుచున్నాడు. 1961 నాటి అప్రెంటిసు చట్టము మనకు ఉన్నది. పనిచోట శిష్యుని నిలుపు బాధ్యతను గట్టిగా నెరవేర్చు వడ్రంగశాలలు ఎన్ని కలవో పాఠకులే తమ తమ పట్టణములందు చూచి తెలిసికొనవచ్చును.

గురువుల మాట యింకొకటి. ఐ.టి.ఐ.లో శిక్షకుడగుటకు డిగ్రీయో, డిప్లొమాయో, ధ్రువపత్రమో కావలయును. అది తప్పని మేమనము. బోధించువానికి చదువు కావలసినదే. కాని నలుబదియేండ్లు కొయ్యతో కాపురము చేసిన మేస్త్రికి ధ్రువపత్రము లేదన్న కారణమున శాలద్వారము మూయుట వివేకము కాదు. కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకమును ఆరంభించినది. అందలి 18 వృత్తులలో వడ్రంగమొకటి. పనిముట్లకై 15,000 రూపాయలు, కొన్ని దినముల శిక్షణ, ఆ దినములకు 500 రూపాయల చొప్పున భత్యము, తక్కువ వడ్డీకి రెండు విడతలుగా 3 లక్షల రూపాయలవరకు ఋణము - ఇవి అందలి ముఖ్యాంశములు. మేస్త్రికి పనిముట్లిచ్చుట మంచిదే. ఆ మేస్త్రిని విద్యార్థియొద్దకు చేర్చుట అంతకంటె మంచిది. ఈ రెండు పనులను రెండు శాఖలు వేరువేరుగా చేయుచున్నంతకాలము విద్య వారసుని చేరదు.

ఇచట కొందరు ఆక్షేపింపవచ్చును. "నేడు ఇండ్లన్నియు సిమెంటు శ్లాబులు, కిటికీలు అల్యూమినియముతోను, ప్లాస్టిక్కుతోను చేయబడుచున్నవి, వాసము, దూలము, కుసి యని మీరేల పలవరింతురు? పతకము కూడు పెట్టునా?" ఈ యాక్షేపణము త్రోసివేయదగినది కాదు. పల్లెలలో వడ్రంగి కుటుంబముల బిడ్డలు వృత్తిని విడుచుటకు ఇదియే హేతువు. కాని శ్లాబు ఆకాశమునుండి దిగిరాదు. దానిని పోయుటకు ముందు కట్టు సెంట్రింగు వడ్రంగి పనియే. మెట్లకు, వంపులకు, గుమ్మటములకు కట్టు సెంట్రింగులో గీతయే ప్రాణము. గల్ఫు దేశములకు పోయిన తెలంగాణపు పనివాండ్రలో షట్టరింగు వడ్రంగమును నమ్ముకొన్నవారున్నారు. ఆ పని నెరిగినవానికిని, సుత్తి మాత్రమే యెరిగినవానికిని కూలి యొకటి కాదు. నగరములందు యంత్రములతో చేయు వంటయిండ్ల అలమారలకు సయితము మిల్లీమీటరు లెక్కయే కావలయును. కావున పోటీకై నేర్చిన కచ్చితత్వము పోటీతో వ్యర్థమై పోదు. అది కొయ్య మారినను, పరికరము మారినను వెంటవచ్చు మూలధనము.

ఇక సన్నాహము ఎట్లుండవలెనో మాకు తోచినంత చెప్పుదుము.

మొదటిది, ఎంపిక. ఏడాది చివర ఒక తెలివైన బాలుని యేరి, వానికొక్కనికే మంచి కలపయు, మంచి యుపకరణములును ఇచ్చు పద్ధతిని విడువవలయును. ఏడాది మొదట విద్యార్థులందరికిని ఒకే చిన్నపని పెట్టవలయును: ఉలిని సానపెట్టి, ఒక కుసిని గీసి, గీటువరకు కోయుట. పదిమందిని నిలిపి, ఆ పదిమందిని ఏడాది పొడవున కలిపి నడిపింపవలయును. తోడివాని పనిని ప్రతిదినము చూచువాడు ఒంటరిగా సాధన చేయువానికంటె త్వరగా ఎదుగును. బాలికలు సయితము ఇందు చేరవలయును. ఉలికి ఆడ మగ భేదము లేదు.

రెండవది, గీత. కొయ్య ముట్టుటకు ముందు ప్రతిదినము ఒక గంట పలకమీద పూర్ణప్రమాణమున గీయుట అలవరచవలయును. గీత సన్నముగా నుండవలయును. లావైన పెన్సిలుగీత యే ఒక మిల్లీమీటరును మ్రింగివేయును. రంపపు పంటికి గల మందమును లెక్కపెట్టి, పనికిరాని వైపున కోసి, గీటు నిలుచునట్లు చేయుట ప్రథమపాఠము. గీటును తిన్న రంపము మరల గీటును ఇయ్యజాలదు.

మూడవది, కలపను ఎరుగుట. కొయ్య నిర్జీవము కాదు. తేమ నెక్కించుకొని ఉబ్బును; ఆరి ముడుచుకొనును. పొడవున దాదాపు మారకుండినను అడ్డమున మారును. పచ్చికర్రతో చేసిన అతుకు నేడు బిగువుగా నుండి రేపు నోరు తెరచును. చేవయేది, పైకర్ర యేది, పీచు ఎటు పోవుచున్నది యని చేతితో తడిమి చెప్పగల శక్తి రావలయును. విదేశపు పోటీలలో కట్టడపు పనికి చలిదేశముల సూచిపర్ణవృక్షముల మెత్తకర్ర వాడుట సాధారణము. టేకుకు, తుమ్మకు అలవడిన చేయి దానిమీద ఉలిని బలముగా దింపిన అంచు నలిగిపోవును. కావున మెత్తకర్రతో సాధన ముందే జరుగవలయును.

నాలుగవది, నిలువు. మన వడ్రంగి నేలపై కూర్చుండి, పాదముతో కొయ్యను అదిమి, పని చేయును. అందు ఒక సొగసున్నది, శతాబ్దుల అనుభవమున్నది. కాని పోటీలో బల్లయొద్ద నిలువబడి, బిగింపులతో కొయ్యను పట్టి, విద్యుత్ రంపములతో పనిచేయవలసియుండును. చెవులకు, కన్నులకు రక్షణ, కాలికి గట్టి జోడు లేనివాడు అచట పనికి దిగరాదు. ఇవి పోటీకి రెండువారముల ముందు నేర్పదగినవి కావు. నాలుగు దినములు నిలుచుండి పనిచేయు దేహబలము సయితము సాధనచేతనే వచ్చును.

అయిదవది, తప్పుల పట్టిక. ప్రతి విద్యార్థి తాను చేసిన ప్రతి అతుకు యొక్క సందును కొలిచి, కారణమును తన చేతివ్రాతతో పుస్తకమున వ్రాసికొనవలయును. గీత తప్పెనా, కోత తప్పెనా, పదును చాలలేదా, తొందర చేసెనా? నెలకొకమారు ఆ పుస్తకము చదివినవానికి తన బలహీనత యెచటనున్నదో గురువు చెప్పకయే తెలియును. ఈ సాధనకు వ్యయము తక్కువ. ఒకే కొయ్యముక్క కొనను కుసి చేసి, కొలిచి, ఆ కొనను కోసివేసి, మరల కుసి చేయవచ్చును. గజము కొయ్య ఈ రీతిని ఎన్నో పాఠములు చెప్పును.

ఆరవది, ఊహింపని మార్పు. వారమున కొకదినము ఉదయమున గురువు పటములోని ఒక కొలతనో, ఒక వాలునో మార్చి యియ్యవలయును. గడియారమును ఎదుట పెట్టి పని చేయింపవలయును. మాసమున కొకమారు వేరొక శాలనుండి పరీక్షకుని రప్పించి, పేర్లు తెలియనీయక, అంకెలు మాత్రమే వేసిన పనులకు గుణములిప్పింపవలయును. తన శిష్యునకు తానే గుణములిచ్చు గురువు శిష్యునికి మేలు చేయజాలడు. బయటి దృష్టి కఠినమైనను అదియే నిజము చెప్పును.

ఏడవది, పోటీ ముగిసిన పిమ్మట. గెలిచినవానికి దండవేసి ఇంటికి పంపుటతో మన యుత్సాహము ముగియుచున్నది. ఓడినవానిని అసలే తలంపము. అట్లుగాక, రాష్ట్రపు పోటీవరకు పోయివచ్చిన ప్రతివాడును ఒక సంవత్సరము తరువాతి విద్యార్థులకు తోడ్పడునట్లు వేతనమిచ్చి నిలుపవలయును. పోటీల పటములను, వానిలో జరిగిన తప్పులను తెలుగున ముద్రించి శాలలకెల్ల పంపవలయును. కుసి, బెజ్జము, చిత్రిక, మూలమట్టము, నిట్రాట, వాసము అను మాటలు మన మేస్త్రీల నోళ్లలో నింకను జీవించియున్నవి. పాఠ్యగ్రంథములు ఆ మాటలనే వాడినచో మేస్త్రియు, విద్యార్థియు ఒకరినొకరు అర్థము చేసికొందురు.

వీనిలో పెక్కింటికి వేలకొలది కోట్లు అక్కరలేదు. కావలసినది మనస్సు. ఆ మనస్సు ప్రభుత్వమునకు మాత్రమే కాదు, మనకును ఉండవలయును. ఈ విషయమున మన పాఠకులలోని భూస్వాములతోను, పట్టణవాసులతోను ఒక మాట చెప్పుట మా ధర్మము.

గోదావరీతీరమున మండువా లోగిళ్లు, తెలంగాణమున పాత గడీలు, భవంతులు కొన్ని యింకను నిలిచియున్నవి. వాని ద్వారబంధములు, స్తంభములు శిథిలమైనపుడు పడగొట్టి కొయ్యను తూకమునకు అమ్మువారున్నారు. అట్లు చేయుటకు ముందు సమీపమునందలి వృత్తివిద్యాశాలకు కబురుపెట్టి, విద్యార్థులచేత వానిని కొలిపించి, గీయించి, మరమ్మతు చేయించిన, ఇల్లును నిలుచును, విద్యయు నిలుచును. అట్టి యొక్క ద్వారబంధము నూరుపుటల గ్రంథముకంటె ఎక్కువ నేర్పును. గట్లమీద గాలికి కూలిన టేకు, వేప, మామిడి దుంగలలో ఒకటి శాలకిచ్చుట రైతునకు భారము కాదు. పట్టణవాసి క్రొత్త యింటికి తలుపులు చేయించుకొనునపుడు, ఒక మేస్త్రి క్రింద ఇద్దరు శిష్యులకు పని యిమ్మని అడుగుట కష్టము కాదు. గుత్తకు తక్కువగా పాడినవానికే పని యిచ్చు అలవాటుచేత చక్కని పనివాడు తొలగిపోయి, తొందరపనివాడు మిగులుచున్నాడు.

అన్నిటికంటె ముఖ్యము గౌరవము. వడ్రంగము ఒక కులమువారి వృత్తిగా ఇన్నాళ్లు నిలిచినది. ఆ కుటుంబములే ఆ విద్యను కాపాడినవి. వారికి జాతి ఋణపడియున్నది. కాని ఆ కుటుంబములలోని బిడ్డలు సయితము వృత్తిని విడుచుచుండగా, ఇతరులు దానిని ముట్టుట తమ గౌరవమునకు తక్కువయని తలచినచో, విద్యకు దిక్కెవరు? 1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముని ఆధ్వర్యవమున జరిగిన విద్యాసభ, చేతిపనిని కేంద్రముగా చేసి బాలురకు సమస్తవిద్యలు నేర్పవలయునని తీర్మానించినది. జాకీర్ హుస్సేన్ గారి సంఘము అందుకు పాఠ్యప్రణాళిక సిద్ధపరచినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతివరకు చదువు విద్యార్థులు పది దినములు పుస్తకములసంచి లేకుండ వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు మున్నగువారియొద్ద పని నేర్వవలయునని చెప్పినది. వార్ధానుండి నేటివరకు ఎనుబదియేండ్లు దాటినవి. సంకల్పము మాత్రము పదే పదే పుట్టుచున్నది, ఆచరణము పుట్టవలసియున్నది. ఆ పది దినములు మేస్త్రితో కలిసి ఫొటో తీయించుకొనుటగా ముగియక, ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఒక్క కుసినైనను స్వయముగా చేసి, అది బెజ్జములో సరిగా దిగినదో లేదో చూచుకొన్నచో, ఆ దినముననుండి వడ్రంగిని చూచు దృష్టియే మారును. సరిగా దిగని కుసి గర్వమును అణచును. సరిగా దిగిన కుసి ఆత్మవిశ్వాసమును పెంచును. రెండును విద్యయే.

పోటీలు వచ్చును, పోవును. పతకముల పట్టికలో మన స్థానము ఒకనాడు పైకి పోవును, ఒకనాడు క్రిందికి దిగును. మనము నిజముగా అడుగవలసిన ప్రశ్న వేరు. పోటీకి పోయిన ఒక్క బాలుని వెనుక, పోటీకి పోని తొమ్మండుగురు ఎట్లున్నారు? వారి ఉలి పదునుగా నున్నదా? వారి గీత సన్నముగా నున్నదా? తమ పనిలోని తప్పును తామే చూపగలరా? ఈ ప్రశ్నలకు అవునని చెప్పగల శాల ఒక్కొక్క జిల్లాలో ఒక్కటి యున్నను చాలును. విద్యార్థులను పోటీకి పంపు అధికారులు, ఉపాధ్యాయులు రాబోవు వడపోతలనాటికైన ఈ తొమ్మండుగురి లెక్కను తమ నివేదికలలో మొదటి వరుసన వ్రాయుదురని ఆశించుచున్నాము.